ఆటగాని వెల, ఆటగాని విలువ

నేటి ఫుట్‌బాలు లోకమున ఆటగాండ్రను కొనుటయు, అమ్ముటయు నిత్యకృత్యమైనది. ధనమునకై పరదేశమున కేగినవానిని ద్రోహి యనుట, ఏగనివానిని త్యాగి యనుట కూడ నట్లే వాడుకయైనది. ఈ రెండును తొందరపాటు తీర్పులని మా యభిప్రాయము. జర్మను ఆటగాడు ఊవే జేలర్ చరిత్రమే యిందులకు నిదర్శనము.

1936లో హాంబుర్గు నగరమున జనించిన జేలర్, 1972లో ఆట విరమించువరకు ఆ నగరసంఘము పక్షముననే యాడెను. 1963లో ఆరంభమైన బుండెస్‌లీగా తొలియేటనే 30 గోలులు కొట్టి ప్రథముడయ్యెను. దేశము పక్షమున 72 పోటీలలో 43 గోలులు సాధించెను. 1958 మొదలు 1970 వరకు జరిగిన నాలుగు ప్రపంచ పోటీలలోను గోలు కొట్టెను.

ఇట్టివానికి 1961లో ఇటలీలోని ఇంటర్ మిలాన్ సంఘమువారు అపారధనము నొసగ జూపిరి. నాడు పశ్చిమజర్మనీలో ఆటగాండ్ర జీతములకు కఠినమైన పరిమితి యుండెను. అయినను జేలర్ కదలలేదు. లోకము దీనిని స్వస్థలాభిమానమని కొనియాడెను. అది నిజమే, కాని సంపూర్ణసత్యము కాదు. అడిడాస్ క్రీడాపాదరక్షల సంస్థకు విక్రయప్రతినిధిగా ఆయనకు వేరొక జీవనాధార మేర్పడెను. ఆటగాని మూలధనము వాని దేహమే గదా! 1965 ఫిబ్రవరిలో ఆయన మడమనరము తెగెను. ఏడు మాసములకు కోలుకొని స్టాక్‌హోమున స్వీడనుపై విజయపు గోలు కొట్టెను. అందరికి నట్టి యదృష్టము పట్టదు. కాలు విరిగినను కూడు దొరకునను ధైర్యము గలవాడే ధనమును కాదనగలడు.

ఆ ధైర్యము లేని యువకుని త్యాగము చేయుమని శాసించుటకు మనకేమి యధికారము? పరదేశమున కేగినంతమాత్రమున దేశాభిమానము నశించునా? 1966లో లండను నగరమున జేలర్ నాయకత్వమున పశ్చిమజర్మనీ ప్రపంచపు తుదిపోటీ నాడినప్పుడు, ఆ జట్టుకు తొలి గోలు నిచ్చినవాడు హెల్ముట్ హాల్లెర్. అతడు 1962లోనే ఇటలీలోని బొలోన్యా సంఘమున జేరినవాడు! 1970లో మెక్సికోలో ఇటలీతో జరిగిన పోటీయందు కడపటి నిమిషమున గోలు కొట్టి లెక్క సమము చేసిన ష్నెల్లింగెర్ కూడ నాడు మిలాను నగరమున నాడుచున్నవాడే.

2022లో జేలర్ దివంగతుడైనప్పుడు హాంబుర్గు నగరము సొంతబిడ్డను పోగొట్టుకొన్నట్లు దుఃఖించెను. ఆ ప్రేమను ఏ ధనమును కొనజాలదు. కాని యట్టివారు మరికొందరు కావలెనన్నచో స్తోత్రపాఠములు చాలవు. ఆటగాని గోలులను లెక్కించు సంఘములు, అతడు ఆట విడిచిననాడు ఏమి తినునని కూడ విచారింపవలెను. చిన్ననాటనే వానికి చదువును, చేతిపనియు నేర్పవలెను. కాదనగల శక్తి నొసగిన పిమ్మటనే విశ్వాసమును కోరుట న్యాయము.