కమాను కాదు, కాలువ కావాలి

మున్సిపల్ ఎన్నికలు దగ్గర పడితే చాలు, మన వాడలకు కొత్త బంధువులు పుట్టుకొస్తారు. బోధన్ వంటి పట్టణంలో ముస్లిం వాడకు వచ్చే అభ్యర్థి చదివే జాబితా మనకు కంఠస్థమే: ఖబరస్తాన్‌కు ప్రహరీ, ఈద్గాకు రంగులు, వీధి మొదట్లో కమాను, వీలైతే ఒక షాదీఖానా. అదే పెద్దమనిషి పక్క వాడలో నీళ్ళ గురించీ, రోడ్ల గురించీ, ఉపాధి గురించీ మాట్లాడతాడు. మా అభ్యంతరం ఈ తేడాపైనే. పెళ్ళికీ, చావుకీ మధ్య మాకు బతుకు లేదా?

బోధన్ పేదగా పుట్టిన పట్టణం కాదు, పేదరికంలోకి నెట్టబడిన పట్టణం. శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర కర్మాగారం ఒకప్పుడు ఆసియాలోనే అతిపెద్దదిగా పేరుపొందింది. 2002లో దానిని ప్రైవేటు భాగస్వామికి అప్పగించారు. 2015 డిసెంబరులో తాళం పడింది. దానిని తెరవాలని మేమూ కోరుతున్నాం. అయితే అది రాష్ట్ర ప్రభుత్వం చేయవలసిన పని. వార్డు అభ్యర్థి ఆ హామీ ఇస్తున్నాడంటే, తన చేతిలో ఉన్న పని గురించి మనం అడగకుండా చూసుకుంటున్నాడని అర్థం.

ఆ పని ఏమిటో రాజ్యాంగమే చెప్పింది. 1992 నాటి 74వ సవరణతో చేరిన పన్నెండవ షెడ్యూలులో పురపాలక సంస్థలకు సంబంధించి 18 అంశాలున్నాయి. తాగునీరు, పారిశుద్ధ్యం, ప్రజారోగ్యం, మురికివాడల అభివృద్ధి, జనన మరణాల నమోదు అందులోవే. శ్మశానాలు, ఖబరస్తాన్‌లు కూడా అందులోవే. కాబట్టి ఖబరస్తాన్ గోడ ఏ నాయకుడో వేసే ఖైరాత్ కాదు. మనం చెల్లించే పన్నుకు బదులుగా పురపాలక సంఘం నెరవేర్చవలసిన విధి.

ముస్లింలు అధికంగా నివసించే ప్రాంతాలలో కనీస సౌకర్యాలు కొరవడ్డాయని సచార్ కమిటీ 2006లోనే తేల్చింది. అందుకే మా ప్రాధాన్యాలను మేమే చెబుతాం.

మొదటిది మురుగునీటి పారుదల, తాగునీరు. వానాకాలంలో మురుగు ఇంట్లోకి వచ్చే వీధికి కమాను కట్టడం మమ్మల్ని అవమానించడమే.

రెండవది జనన ధ్రువపత్రాలు. 2023 అక్టోబరు 1 నుండి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు అనేక అవసరాలకు ఈ పత్రమే ఆధారం. మన పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కో విధంగా పడుతున్న ఈ కాలంలో, తప్పులు సరిదిద్దే శిబిరాలను వార్డులోనే పెట్టాలి.

మూడవది బీడీలు చుట్టే స్త్రీల ఆరోగ్యం. వారికి ఇల్లే కార్ఖానా. పొగాకు ధూళి రాలిన గదిలోనే పసిపిల్లలు నిద్రపోతున్నారు. పని చేసుకోవడానికి గాలి వెలుతురు ఉన్న షెడ్డు, క్రమం తప్పని వైద్య పరీక్షలు, వారి ఆడపిల్లలు కూర్చుని చదువుకోవడానికి ఒక గ్రంథాలయం కావాలి.

నాల్గవది లెక్క. తెలంగాణ పురపాలక చట్టం, 2019 ప్రకారం ప్రతి వార్డులో యువతకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖ పౌరులకు నాలుగు కమిటీలుండాలి. వాటిలో మన స్త్రీలకు చోటేదీ? ఏ వార్డులో ఎంత ఖర్చయిందో వాడ మధ్యలో బోర్డు మీద రాసేందుకు అభ్యర్థి సిద్ధమేనా?

తప్పు అభ్యర్థులదే అనుకుంటే మనల్ని మనం మోసగించుకున్నట్టే. షామియానా కింద బిర్యానీ తిని, శాలువా కప్పించుకుని, వాడ మొత్తం ఓట్లకు హామీ పడే పెద్దలు మన మధ్యనే ఉన్నారు. వాడ ఓటు వారి జాగీరు కాదు. ఓటు ప్రతి ఒక్కరి చేతిలోని అమానత్. దానిని అర్హులకు అప్పగించకపోతే ఖియానత్ చేసినవారమవుతాం.

ఈసారి గడప ముందుకు వచ్చిన అభ్యర్థికి చాయ్ ఇద్దాం, మర్యాద చేద్దాం. ఆ తరువాత ఈ నాలుగు పనులను కాగితం మీద రాయించి, సంతకం పెట్టించుకుందాం. సంతకానికి వెనుకాడేవాడు మన ఓటుకు తగడు.