శాస్త్ర సాంకేతికం: ఇంటి కంప్యూటర్‌పై విమానయానం – తొలి మెట్టు ఏది?



ఇటీవల భోజన విరామంలో మా విభాగపు మిత్రుడొకరు నా వద్దకు వచ్చారు. "సార్, మా అమ్మాయి పైలట్ అవుతానంటున్నది. ఇంట్లో సాధన చేయడానికి ఫ్లైట్ సిమ్యులేటర్ కావాలట. దానికి తగిన కంప్యూటర్‌కు దుకాణదారు లక్షన్నర చెప్పాడు. పి.ఎఫ్. అడ్వాన్సుకు దరఖాస్తు పెట్టమంటారా?" అని అడిగారు. నింపిన దరఖాస్తు ఆయన జేబులోనే ఉన్నది.

విద్యుత్కేంద్రంలో పనిచేసే మనకు సిమ్యులేటర్ కొత్త కాదు. లోడు హఠాత్తుగా పెరిగినప్పుడు పీడనం తగ్గి, ఆవిరి బుడగలు ఉబ్బి, బాయిలర్ డ్రమ్ములో నీటిమట్టం పెరిగినట్లు కనిపిస్తుంది. కొత్త ఆపరేటరు వెంటనే ఫీడ్ వాటర్ తగ్గించబోతాడు. నిజానికి అప్పుడు బాయిలర్‌కు కావలసినది మరింత నీరు. ఈ పొరపాటును శిక్షణ గదిలో చేసి నేర్చుకొనడం వల్లనే అసలు యూనిట్ క్షేమంగా ఉంటున్నది.

విమానానిదీ ఇదే తీరు. ముక్కు మరీ పైకెత్తితే రెక్కలపై గాలి ప్రవాహం చెదరి విమానం కిందికి జారుతుంది. దీనినే స్టాల్ అంటారు. పడిపోతున్నప్పుడు స్టిక్‌ను వెనక్కు లాగాలనిపించడం మానవ సహజం. లాగితే ప్రమాదం పెరుగుతుంది. ముక్కు దించితేనే రెక్కలకు తిరిగి పట్టు చిక్కుతుంది. కావున మన తప్పును తప్పుగానే చూపే సిమ్యులేటరే మంచి సిమ్యులేటర్. దృశ్యాల సొగసు తరువాతి మాట.

ఇప్పుడు లభించేవాటిలో మూడు ముఖ్యమైనవి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 1982 నుండి వస్తున్నది. 2020లో వెలువడిన దాని రూపం భూగోళమంతటినీ కనువిందుగా చూపుతుంది. అయితే 150 జి.బి. డిస్కు స్థలం, మంచి గ్రాఫిక్స్ కార్డు, వేగవంతమైన ఇంటర్నెట్ కోరుతుంది. రెండవది ఎక్స్-ప్లేన్. ఇది రెక్కలను, ప్రొపెల్లరును చిన్న ఖండాలుగా విభజించి, ఒక్కొక్క ఖండంపై గాలి కలిగించే బలాన్ని లెక్కకడుతుంది. పరిమిత ప్రాంతంలో, పరిమిత సమయం ఉచితంగా పరీక్షించి చూసుకొనే వీలున్నది. మూడవది ఫ్లైట్‌గేర్. 1990ల చివరి నుండి స్వచ్ఛందంగా పనిచేసే ప్రోగ్రామర్లు తీర్చిదిద్దుతున్న ఈ సాఫ్ట్‌వేర్‌కు ధర లేదు. దృశ్య వివరాలు తగ్గించుకొంటే సామాన్యమైన కంప్యూటర్‌పై కూడా నడుస్తుంది.

నా సలహా ఇది: మొదట ఫ్లైట్‌గేర్, దానితోపాటు ఒక జాయ్‌స్టిక్. పిడిని మెలితిప్పితే రడ్డరు కూడా పనిచేసే రకం ఎంచుకొంటే విడిగా పెడళ్ళు అవసరం లేదు. జెట్ విమానాల జోలికి పోక, సెస్నా 172 వంటి ఒంటి ఇంజను విమానంతో మొదలుపెట్టాలి. పూర్తి శక్తితో పైకి లేచేటప్పుడు దాని ముక్కు ఎడమకు లాగుతుంది. కుడి రడ్డరుతో సరిదిద్దాలి. సిమ్యులేటర్‌లోని సహాయక అమరికలు ఈ కష్టాన్ని తామే భరించి మననుండి దాచగలవు. వాటిని ఒక్కొక్కటిగా తొలగించుకొంటూ పోవడమే సాధన.

మరొక సంగతి మరువరాదు. మన దేశంలో వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటల విమానయాన అనుభవం కావాలి. ఇంటి కంప్యూటర్ ముందు గడిపిన గంట ఒక్కటి కూడా ఆ లెక్కలోకి రాదు. పైగా తెరపైని మీటర్లనే చూస్తూ, బయటి దిగంతాన్ని చూడని అలవాటు పడితే, దానిని మాన్పించడానికి శిక్షకుడు శ్రమపడవలసి వస్తుంది. పి.ఎఫ్. సొమ్ము కదిలించవలసి వస్తే, అది నిజమైన విమానంలో కూర్చొనే రోజు కోసం కదిలించడం మేలు.

మిత్రుడు దరఖాస్తును మడిచి మళ్ళీ జేబులో పెట్టుకొన్నారు. జాయ్‌స్టిక్ మాత్రం కొన్నారు. రెండు నెలల తరువాత కాలనీలో ఆ అమ్మాయి కనిపించి, "అంకుల్, నలభై సార్లు ప్రయత్నిస్తే ఏడుసార్లే సరిగా దించగలిగాను" అన్నది. నోటు పుస్తకం తెచ్చి చూపింది. విఫలమైన ముప్పై మూడింటికీ ఎదురుగా తేదీ, వేగం, కారణం రాసి ఉన్నవి. మన షిఫ్టు లాగ్ పుస్తకాలు కూడా అంత శ్రద్ధగా ఉండవేమో!

ఆ దరఖాస్తు ఇక ఎంతోకాలం జేబులో ఉండదని ఆమె తండ్రితో చెప్పాను.