గేరుబాక్సు ఎందుకు కారుతుంది?



రాయచోటి నుంచి ఒక పాఠకుడు యిలా అడిగాడు: “మా తాతయ్యగారి పాత అంబాసిడరు కారు రాత్రి నిలిపిన చోట తెల్లవారేసరికి నూనె మరక వుంటున్నది. గేరుబాక్సు కారుతున్నదట. రోజూ నాలుగు చుక్కలే గదా, పోతే ఏం?”

చాలామంది పెద్దవాళ్ళు కూడా యిలాగే అంటారు! ఇంగ్లీషువాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డు కారును అనుసరించి తయారైన అంబాసిడర్లు, కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారా కర్మాగారం నుంచి 2014 దాకా వచ్చాయి. మీ తాతయ్యగారిది వాటిలో పాతది గనక కాస్త కారడం వింత కాదు. కాని నాలుగు చుక్కలను తేలిగ్గా తీసుకోరాదు.

గేరుబాక్సు అంటే పళ్ళచక్రాలతో నిండిన లోహపు పెట్టె. అందులో చిన్న చక్రం పెద్ద చక్రాన్ని తిప్పితే వేగం తగ్గి బలం పెరుగుతుంది. కడప నుంచి రాయచోటికి వచ్చేటప్పుడు గువ్వలచెరువు ఘాటులో డ్రైవరు గేరు తగ్గించేది అందుకే. తిరిగి దిగేటప్పుడు కూడా తక్కువ గేరులోనే వుండాలి. అప్పుడు ఇంజనే బండిని వెనక్కు పట్టి వుంచుతుంది, బ్రేకులు కాగిపోవు. ఆ సమయంలో చక్రాల పళ్ళు ఒకదానినొకటి ఎంత గట్టిగా నొక్కుకుంటాయో ఊహించండి! వాటి నడుమ పలచటి నూనెపొర లేకపోతే ఉక్కును ఉక్కు రాసుకుని పళ్ళు అరిగిపోతాయి. ఇంజనులో నూనె ఒత్తిడి పడిపోతే కారులో ఎర్రదీపం వెలుగుతుంది. పాపం, గేరుబాక్సుకు అటువంటి దీపం లేదు. నేలమీది మరకే దాని దీపం.

ఇక నూనె ఎక్కడ కారుతున్నదో కనిపెట్టాలి. చుక్క పడ్డ చోటే చిల్లు వున్నదనుకోవద్దు. నూనె పైనుంచి జారుతుంది, కారు పోతుంటే గాలికి వెనక్కు పాకుతుంది. అందుచేత తెలివైన మెకానిక్కు ముందు పెట్టెనంతా కిరసనాయిలుతో కడిగి, తుడిచి, ఆరాక సుద్దపొడి చల్లుతాడు. కారును కొంతదూరం నడిపి వచ్చి చూస్తే, పొడి తడిసిన జాగాలలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు వున్నదే దొంగ!

(కారు కిందికి దూరే పని మీరు చెయ్యకండి. పెద్దవాళ్ళయినా ఒక్క జాకీని నమ్మి దూరకూడదు. కింద గట్టి స్టాండ్లు వుండి తీరాలి.)

ఒక్కొక్కసారి చిల్లే వుండదు. గేరుబాక్సు పైన గాలి పోవటానికి చిన్న రంధ్రం వుంటుంది. మన రాయలసీమ దుమ్ము నూనెతో కలిసి దాన్ని పూడ్చేస్తుంది. బయలుదేరినప్పుడు 30 డిగ్రీలున్న లోపలి గాలి, పరుగుతో 80 డిగ్రీలకు కాగితే దాని ఒత్తిడి సుమారు ఆరోవంతు పెరుగుతుంది. పోవటానికి దారిలేక అది నూనెను సందుల్లోంచి తోస్తుంది. సీలు మార్చి డబ్బు తగలేసే ముందు ఆ రంధ్రాన్ని శుభ్రంచేసి చూడటం మంచిది. నూనె ఎక్కువ పోసినా యింతే. కారును చదునైన నేలమీద నిలిపి, నూనె పోసే బెజ్జం అంచుదాకా పోస్తే చాలు. ఏ నూనె పొయ్యాలో కారు పుస్తకమే చెబుతుంది. గంధకం ఎక్కువగా వున్న కొన్ని నూనెలు లోపలి ఇత్తడి భాగాలను తినేస్తాయి.

అడుగున బిరడా దగ్గర కారితే దాని రాగి వాషరు మార్చాలి. నొక్కుడుపడి గట్టిపడిన రాగిని ఎర్రగా కాల్చి చల్లారిస్తే మళ్ళీ మెత్తబడుతుందనేది కంచరివాళ్ళకు తెలిసిన సంగతే.

వెనక షాఫ్టు దగ్గర కారితే దోషం సీలుది. అది రబ్బరు పెదవి. లోపల సన్నటి స్ప్రింగు దాన్ని షాఫ్టుకు అదిమి పడుతుంది. ఏళ్ళు గడిస్తే పెదవి ఎండి బీటలిస్తుంది. కొత్తదాన్ని స్ప్రింగు వైపు నూనెకేసి వుండేటట్లు పెట్టి, పెదవికి నూనె రాసి, చెక్కముక్క అడ్డంపెట్టి చుట్టూ సమంగా తట్టాలి. షాఫ్టు మీద గాడి పడివుంటే కొత్త సీలు కూడా కారుతుంది! అప్పుడు సీలును గాడి మీద కాకుండా కొద్దిగా పక్కకు జరిపి కూర్చోబెడతారు.

ముందువైపు కారితే మరీ ప్రమాదం. ఆ నూనె క్లచ్చిపలకకు అంటుకుంటే ఘాటులో ఇంజను గింగిరాలు తిరుగుతుంది గాని కారు ఎక్కదు. కొన్ని పాత ఇంగ్లీషు కార్లకు ముందువైపు సీలే లేదు. షాఫ్టు మీద మరచుట్టులాంటి గాడి వుంటుంది. తిరిగేటప్పుడు అది నూనెను లోపలికి లాగేస్తుంది. కారు నిలిస్తే గాడి పనీ నిలిచిపోతుంది, నూనె కాస్త కారుతుంది. దానికి మందులేదు. అలాంటి కారువాళ్ళు రాత్రిపూట కింద ఇసుక పోసిన రేకుపళ్ళెం పెట్టుకుంటారు.