తీగలు మెలేస్తే చార్జరైపోతుందా?

పిల్లాడి రిమోట్ కారు చార్జర్ పోయిందంటే చాలు, ఇంట్లో మగవాళ్లందరూ ఇంజనీర్లే! "పాత ఫోన్ వైరు కోసి ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు కలిపెయ్, అంతే" అంటారు.

అంతే కాదండీ. బ్యాటరీ మీద లిథియం, 3.7 వోల్టులు అని ఉంటే దాని చార్జింగ్ 4.2 దగ్గర ఆగాలి. ఫోన్ చార్జర్ ఇచ్చేది 5. ఎక్కడ ఆపాలో చూసుకునే సర్క్యూట్ అసలు చార్జర్‌లోనో బొమ్మలోనో ఉంటుంది, మెలేసిన తీగల్లో ఉండదు. బ్యాటరీ ఉబ్బొచ్చు, అంటుకోవచ్చు. మనం పెట్టేదేమో పిల్లల మంచం పక్కనున్న ప్లగ్గులో!

పిన్ను పట్టిందని వేరే బొమ్మ చార్జర్ పెట్టడమూ తప్పే. 4.8 వోల్టుల నికెల్ బ్యాటరీది వేరు, లిథియంది వేరు. బ్యాటరీ మీద రాసిన రకం, వోల్టులు ఫోటో తీసి ఎలక్ట్రానిక్స్ షాపులో చూపించి, సరిపోయేదే కొనండి. ఉబ్బినదాన్ని అసలు చార్జ్ చేయొద్దు.

చార్జర్ పోతే "జాగ్రత్త లేదు" అనే నింద మాత్రం అమ్మకే! 2021 జనవరి నుంచి మన దేశంలో బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. మామూలు సి టైపు కేబుల్‌తో భద్రంగా చార్జయ్యే బొమ్మలు చేయమని కూడా అడుగుదాం. అలాంటివే కొందాం. కానివి షాపులోనే వదిలేద్దాం.