స్వేచ్ఛ ఉన్నది, జాలమే లేదు

లినక్సును విమర్శించినవాడు విండోసుకు అమ్ముడుపోయినవాడని భావించే మిత్రులు నాకు కొందరున్నారు. వారికి ముందే మనవి: మా ఇంట విండోసు లేదు, ఇకమీదట ఉండబోదు. అందుకే ఈ మాట అనే హక్కు నాకున్నదనుకుంటున్నాను. డెస్క్‌టాపు లినక్సులో అంతర్జాల సంధానాన్ని అమర్చుకోవలసివచ్చే తీరు సామాన్యునికి జరుగుతున్న అవమానం.

నేనెరిగిన ఒక విశ్రాంత తెలుగు పండితులు తమ వ్యాసాలన్నీ ఉబుంటులోనే వ్రాసుకుంటారు. వారి పాత కంప్యూటరుకు గోరంత వైఫై పరికరం ఒకటి యూఎస్‌బీ ద్వారంలో ఉంటుంది. ఒకనాడు కెర్నెలు మారింది, వైఫై మాయమైంది. కారణం చిన్నదే. ఆ పరికరపు డ్రైవరు కెర్నెలులో భాగం కాదు, విడిగా కూర్చినది. కెర్నెలు మారినప్పుడల్లా దానిని మళ్ళీ కూర్చాలి. కూర్చడానికి కావలసిన హెడరు దస్త్రాలు అంతర్జాలంలో ఉన్నాయి. అంతర్జాలం కావాలంటే డ్రైవరుండాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు! ఫోనును యూఎస్‌బీ తీగతో తగిలించి టెదరింగు పెట్టుకుంటే లినక్సు దానిని మామూలు తీగ సంధానంగానే స్వీకరిస్తుందని చెప్పేవారు లేక (చదువరులు గుర్తుంచుకోదగ్గ ఉపాయమిది) ఆయన రెండు రోజులు ఊరకే కూర్చున్నారు.

నన్ను మండించినది డ్రైవరు పోవడం కాదు. అమరికల కిటికీ "వైఫై అడాప్టరు కనబడలేదు" అన్నది. కళ్ళెదుట గుచ్చి ఉన్నదాయె! పైగా టెర్మినలులో ఎల్ఎస్‌యూఎస్‌బీ అని అడిగితే అదే వ్యవస్థ ఆ పరికరపు గుర్తింపు సంఖ్యతో సహా అప్పజెప్పింది. అంటే కెర్నెలుకు తెలుసు, కిటికీకి తెలియదు. "పరికరం ఉన్నది, డ్రైవరు లేదు" అన్న నాలుగు మాటలు చెప్పడానికి ఇన్నేళ్ళు చాలలేదా?

ఇహ పేర్ల సంగతి. పూర్వం తీగ సంధానానికి ఈత్0 అని ముచ్చటైన పేరుండేది. 2013 నుంచి సిస్టమ్‌డీ పుణ్యమా అని అది ఈఎన్‌పీ3ఎస్0 వంటి బీజాక్షరమయింది. రెండు కార్డులున్న యంత్రంలో పేర్లు తారుమారు కాకుండా ఉండడానికట, సర్వర్లకు న్యాయమే. ఉన్న ఒక్క వైఫై పుల్లకు మ్యాక్ చిరునామా కలిపి పదిహేనక్షరాల పేరు పెట్టడం ఎవరి మేలుకు?

పేర్లు పోనిద్దాం, పెత్తనమెవరిదో తేలదు. డెబియనులో ఇంటర్ఫేసెస్ దస్త్రం ఒకటి. 2004లో రెడ్‌హ్యాట్ మొదలుపెట్టిన నెట్‌వర్క్‌మేనేజరు మరొకటి. సిస్టమ్‌డీ వారిది వేరొకటి. 2017లో ఉబుంటు తెచ్చిన నెట్‌ప్లాను ఇంకొకటి. అది తాను పని చేయదు, పై ఇద్దరిలో ఒకరికి అప్పగిస్తుంది! డీఎన్‌ఎస్ మార్చుదామని పాత పుస్తకం చూసి రిజాల్వ్.కాన్ఫ్ తెరిస్తే అందులో 127.0.0.53 అన్న చిరునామా, "దీనిని మార్చవద్దు" అన్న ఆంగ్ల శాసనం ఉంటాయి. మార్చినా అది నిలవదు. ఈ దస్త్రమే మార్చాలని పుస్తకం, మార్చరాదని దస్త్రం!

దీనికి అభిమానుల సమాధానం సిద్ధంగా ఉంటుంది: చిప్పుల తయారీదారులు వివరాలు దాచుకుంటే మన ప్రోగ్రామర్లేం చేస్తారు? నిజమే, ఆ కృషికి నమస్కరిస్తాను. కానీ అన్ని తప్పులూ బయటివారివి కావు. వైఫై చిప్పులకు కావలసిన ఫర్మువేరు స్వేచ్ఛగా లేదన్న కారణంతో డెబియను దానిని తన అధికారిక స్థాపక డిస్కులో ఏళ్ళ తరబడి పెట్టలేదు. 2022లో సభ్యులు ఓటు వేశారు, 2023లో వచ్చిన డెబియను 12లో పెట్టారు. ఆ నడుమ తయారీదారులేమీ మారిపోలేదు. మారినది వీరి మనసే. సిద్ధాంతం కోసం అన్నేళ్ళు ఉపవాసం చేసినది ఓటు వేసినవారు కాదు, డిస్కు పెట్టి సంస్థాపన నడుమ ఆగిపోయిన కొత్తవాడు.

"మాన్యువలు చదువుకో" అంటారు. పండితులవారు నన్నయను చదివారు, తిక్కనను చదివారు. వైఎఎంఎల్ దస్త్రంలో ట్యాబు కొట్టరాదనీ ఖాళీలే కొట్టాలనీ చదవలేదు. చదవవలసిన అవసరం ఆయనకెందుకుండాలో నాకెవరైనా చెప్పండి. గ్నోము మెనూలను ఎందరో శ్రమపడి తెలుగు చేశారు. అదే తెలుగులో "డ్రైవరు లేదు", "సంకేతపదం తప్పు", "రౌటరు పలికింది గాని డీఎన్‌ఎస్ పలకలేదు" అని మూడు వేర్వేరు వాక్యాలు ఆ కిటికీలో కనబడేలా చేయమంటున్నాను. నాలుగో వ్యవస్థ నాకక్కర్లేదు.