కొండలెక్కి వచ్చే నీళ్లు, ఫ్లష్‌కి పది లీటర్లు

2025 ఆగస్టు 30న కుప్పం మండలం పరమసముద్రం దగ్గర ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కృష్ణమ్మకు జలహారతి ఇచ్చారు. శ్రీశైలం జలాశయం నుంచి హంద్రీ-నీవా కాలువల వెంట 700 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఆ నీళ్లు కుప్పం చేరాయి. దారి పొడవునా ఎక్కుడే. శ్రీశైలం నిండా ఉన్నప్పుడు నీటిమట్టం 885 అడుగులు, అంటే 270 మీటర్లు. మదనపల్లె, కుప్పం ఉన్నది 700 మీటర్లకు కాస్త అటూ ఇటూగా. నందికొట్కూరు దగ్గరి మల్యాల మొదలుకొని మజిలీ మజిలీకి పంపులు పెట్టి ఎత్తిపోస్తే గానీ ఈ మిట్టకు చుక్క రాదు. వెయ్యి లీటర్లను 400 మీటర్లు పైకెత్తాలంటే, మోటార్ల దగ్గర పోయే నష్టం వదిలేసినా, ఒక యూనిట్ కరెంటు పైనే ఖర్చవుతుంది.

అలా వచ్చిన నీళ్లు ఇంట్లో ఎక్కడికి పోతున్నాయో చూడాలి. మురుగు పైపుల వ్యవస్థ ఉన్న నగరాలకు మన దేశంలో పెట్టుకున్న ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. ఇంజినీరింగ్ పుస్తకాలు దాన్ని పంచే తీరు ఇది: తాగడానికి 5, వంటకు 5, స్నానానికి 55, ఫ్లష్‌కు 30, మిగతాది బట్టలకు, గిన్నెలకు, ఇల్లు కడగడానికి. అంటే 85 లీటర్లు బాత్రూంలోనే అయిపోతాయి. వంటింట్లో గ్లాసు నీళ్లు పారబోసినందుకు పిల్లల్ని కసురుకునే ఇళ్లలోనూ అసలు ఖర్చు ఆ తలుపు వెనకే జరుగుతోంది.

ఈ ప్రాంతపు రైతుకు నీటిని లెక్క చూసి వాడటం కొత్త కాదు. 1990ల చివర్లో కుప్పంలో ఇజ్రాయెల్ పరిజ్ఞానంతో డ్రిప్ సేద్యం మొదలుపెట్టినప్పుడు విమర్శలు గట్టిగానే వచ్చాయి. ఇవాళ మదనపల్లె, పుంగనూరు వైపు టమోటా తోటల్లో డ్రిప్ పైపులు మామూలైపోయాయి. వెయ్యి అడుగులు తవ్వించినా బోరులో నీళ్లు పడతాయన్న నమ్మకం లేని చోట మొక్కకు కావలసినంతే ఇవ్వడం అలవాటైంది. అదే రైతు పట్నంలో కొత్త మిద్దె కట్టుకునేటప్పుడు మాత్రం టైల్స్ రంగు గురించి వారం రోజులు ఆలోచించి, ఫ్లష్ ట్యాంకు ఎన్ని లీటర్లదో అడగకుండానే కొనేస్తాడు.

అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. పాత ట్యాంకు మీట నొక్కితే పది లీటర్లు, కొన్నిట్లో అంతకన్నా ఎక్కువే పోతాయి. రెండు మీటలున్న ట్యాంకు పెద్దదానికి 6, చిన్నదానికి 3 లీటర్లే వదులుతుంది. నలుగురున్న ఇంట్లో ఒక్కొక్కరు రోజుకు ఐదుసార్లు వాడతారనుకుంటే పాతదానికి 200 లీటర్లు అవుతాయి. అందులో నాలుగుసార్లు చిన్న మీట చాలు కాబట్టి కొత్తదానికి 72 లీటర్లు సరిపోతాయి. ఏడాదికి మిగిలేది 46 వేల లీటర్లకు పైనే, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది. ఎండాకాలంలో ట్యాంకరు కోసం ఫోన్లు చేసి చేసి విసిగిపోయిన మదనపల్లె ఇల్లాలికి ఈ తొమ్మిది ట్యాంకర్ల విలువ ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. సెప్టిక్ ట్యాంకు మీద భారమూ ఆ మేరకు తగ్గుతుంది.

పొదుపు ఫ్లష్ సరిగా పని చేయదని చాలామంది అంటారు. వాళ్ల అనుభవం అబద్ధం కాదు. పది లీటర్ల కోసం చేసిన పాత కమోడ్‌కు ఆరు లీటర్ల ట్యాంకు తగిలిస్తే రెండుసార్లు నొక్కక తప్పదు, పొదుపు కాస్తా పోతుంది. కమోడ్, ట్యాంకు జతగా కొనాలి. ఇప్పుడే మార్చే స్తోమత లేకపోతే, పాత పెద్ద ట్యాంకులో నీళ్లు నింపి మూత బిగించిన లీటరు సీసా, లోపలి ఫ్లోటుకు తగలకుండా నిలబెడితే చాలు. నొక్కిన ప్రతిసారీ లీటరు మిగులుతుంది. ఇటుక మాత్రం వేయకూడదు, అరిగి రాలిన పొడి వాషర్లలో ఇరుక్కుంటుంది. ఇంకో పరీక్ష కూడా ఉంది. రాత్రి అందరూ పడుకున్నాక ట్యాంకులో మిఠాయిల్లో వాడే రంగు చిటికెడు కలిపి, అరగంట తర్వాత కమోడ్‌లో చూడాలి. మీట నొక్కకుండానే అడుగున రంగు కనిపిస్తే ట్యాంకు కారుతున్నట్టే. చప్పుడు లేని ఈ కారుడు రోజంతా ఆగదు, ఆపడానికి చాలాసార్లు ఒక రబ్బరు వాషరు చాలు.

షవర్ విషయంలో కొంచెం జాగ్రత్త కావాలి. పది మీటర్ల ఎత్తు నుంచి దిగితే గానీ నీటికి ఒక బార్ ఒత్తిడి రాదు. ఒంటి మిద్దె ఇంట్లో ట్యాంకు నీళ్లు షవర్‌కు మూడు మీటర్ల పైన ఉంటే వచ్చేది 0.3 బార్. పెద్ద ఒత్తిడి కోసం తయారైన పొదుపు షవర్ అక్కడ బిగిస్తే నీళ్లు తల మీద పడక గోడ వెంట జారతాయి. దాంతో విసుగొచ్చి దాన్ని తీసేసి, మామూలు షవర్‌కు ప్రెషర్ పంపు పెట్టిస్తే నిమిషానికి పదిహేను లీటర్లు పోతాయి. తక్కువ ఒత్తిడికి పనికొచ్చే షవర్ అడిగి తీసుకోవాలి. నిమిషానికి ఆరేడు లీటర్లిచ్చే షవర్ కింద ఐదు నిమిషాల స్నానం రెండు బకెట్ల నీళ్లకు మించదు. చెంబుతో పోసుకోవడమే ఇష్టమైన వాళ్లు అసలు మార్చుకోవాల్సింది ఏమీ లేదు.

మదనపల్లె చలికాలం వేడినీళ్లు లేకుండా గడవదు. మిద్దె మీది సోలార్ హీటరు నుంచి కింది బాత్రూందాకా ఇరవై మీటర్ల ముప్పావు అంగుళం పైపు ఉంటే, అందులో నిలిచిన ఆరు లీటర్ల చన్నీళ్లు పోయాకే వేడి అందుతుంది. ఇల్లు కట్టేటప్పుడే హీటరుకు నేరుగా కింద బాత్రూం వచ్చేలా ప్లాను వేసి, పైపుకు తొడుగు వేయిస్తే ఆ నీళ్లూ మిగులుతాయి, వేడీ త్వరగా వస్తుంది. కట్టేసిన ఇంట్లో అయితే ఆ చన్నీళ్లు బకెట్‌లో పట్టుకోవడమే దారి.

అన్నిటికన్నా చవకైనది కుళాయి మూతికి బిగించే ఏరేటర్. ధారలో గాలి కలుపుతుంది కాబట్టి చేతికి నిండుగానే తగులుతుంది, నీళ్లు మాత్రం సగానికి పడిపోతాయి. మన చవ్వ నీళ్లకు దాని జల్లెడ మీద తెల్ల పొర కడుతుంది. మర తిప్పి ఊడదీసి, నిమ్మరసంలో గంటసేపు నానబెట్టి పాత బ్రష్షుతో రుద్దితే మళ్లీ కొత్తదానిలా పని చేస్తుంది. 2024 మార్చిలో నీటి ఎద్దడి ముంచుకొచ్చాక బెంగళూరు జలమండలి వాణిజ్య భవనాలకు, అపార్ట్‌మెంట్లకు ఏరేటర్లు తప్పనిసరి చేసింది. కుప్పం నుంచి రోజూ రైల్లో వెళ్లొచ్చేవాళ్లు ఆ ఆఫీసుల కుళాయిల కిందే చేతులు కడుక్కుంటున్నారు. ఇబ్బందేమైనా ఉందేమో వాళ్లనే అడగవచ్చు.

ఎద్దడి ముదిరేదాకా మన మున్సిపాలిటీలు ఆగడం ఎందుకు? 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఇంకుడు గుంతల్ని ఇంటి నిర్మాణంలో భాగం చేసింది. అదే తీరున ప్లాను ఆమోదానికి రెండు మీటల ఫ్లష్, ఏరేటర్ కుళాయిలు షరతుగా పెట్టవచ్చు. నీటి పొదుపు సామానుకు భారత ప్రమాణాల సంస్థ 2021లోనే ప్రమాణం రాసింది, కేంద్రం 2022లో ‘భారత్ ట్యాప్’ పేరుతో తక్కువ ధార కుళాయిలను ముందుకు తెచ్చింది. సరుకూ ఉంది, కొలతా ఉంది. పాత ఇళ్ల మాటకొస్తే మెల్‌బోర్న్ నీటి సంస్థలు కరవు కాలంలో పాత షవర్ తెచ్చిచ్చిన వాళ్లకు పొదుపు షవర్ ఉచితంగా ఇచ్చాయి. ఇక్కడ ఏరేటర్లతో మొదలుపెట్టినా మేలే. కుప్పం పురపాలికకు తొలి ఎన్నిక జరిగింది 2021లోనే. ఊరు ఇంకా పెరుగుతోంది, చాలా బాత్రూంలు ఇంకా కట్టాల్సే ఉంది. అక్కడ ఈ షరతు ఈ ఏడే పెట్టి, ముందుగా మున్సిపల్ ఆఫీసు, బస్టాండు, ప్రభుత్వాసుపత్రి కుళాయిలు మార్చి చూపిస్తే మదనపల్లె, పుంగనూరు పాలకవర్గాలకు వెనకాడే కారణం ఉండదు.