వాడేది ఆమె, బిల్లు ఆయన పేరున

మహిళా సంఘాల సమావేశాల్లో వినియోగదారుల హక్కుల మాట ఎత్తితే చాలామందికి విసుగు. "వరకట్నం చావులున్నాయి, లైంగిక హింస ఉంది, కూలి రేట్ల సమస్య ఉంది. ఇవన్నీ వదిలి గీజర్ల గురించీ మిక్సీల గురించీ మాట్లాడమంటారా? అది మధ్యతరగతి గోల" అంటారు. ఇలా అనేవాళ్ళు బయటివాళ్ళు కాదు, మనతో కలిసి పనిచేసే కార్యకర్తలే. ఈ వ్యాసం ఆ మాటతో తగువు పెట్టుకోవడానికే రాస్తున్నాను.

ఇంట్లో వేడినీళ్ళ పని ఎవరిది? ముందు ఈ ప్రశ్న వేసుకుందాం. ఒకప్పుడు పెరట్లో నీళ్ళ పొయ్యి మీద కాగు పెట్టి పొగలో కళ్ళు మండించుకున్నది ఆమె. తర్వాత బాయిలరులో బొగ్గులు వేసింది ఆమె. ఆ తర్వాత బకెట్‌లో హీటర్ రాడ్డు వేసి, పిల్లలు ఆ వైపు పోకుండా కాపలా కాసింది కూడా ఆమే. పసిబిడ్డకు నీళ్ళు పోయాలన్నా, బాలింతకు స్నానం చేయించాలన్నా, మంచాన పడిన అత్తగారి ఒళ్ళు తుడవాలన్నా వేడినీళ్ళు కావాలి. వాటిని సిద్ధం చేయడం ఇంట్లో ఆడదాని బాధ్యతగానే నడుస్తూ వచ్చింది. గీజరు ఈ చాకిరీని తగ్గిస్తుందని కంపెనీలు ప్రచారం చేశాయి. నిజమే, సరైన గీజరైతే తగ్గిస్తుంది.

సరైనది కాకపోతే ఏమవుతుంది? చాకిరీ మళ్ళీ ఆమె నెత్తిమీదికే వస్తుంది. అందరికంటే ముందు లేచి స్విచ్ వేయాలి. ఒకరి స్నానం అయ్యాక మరొకరి కోసం మళ్ళీ వేయాలి. ఆపడం మరిచిపోతే "కరెంటు బిల్లు ఎవడు కడతాడు?" అన్న మాట పడాలి. చివరికి గిన్నెతో గ్యాసు పొయ్యి మీద నీళ్ళు కాచుకోవాలి. డబ్బు పోయింది, పని మిగిలింది. ఇది హక్కుల సమస్య కాదని ఎలా అంటాం?

గీజరులో నాసిరకం అంటే ఏమిటో కొంచెం వివరంగా తెలుసుకోవాలి. తెలియకపోతే దుకాణదారు చెప్పిందే వేదం అవుతుంది. గీజరులో లోపల నీళ్ళ ట్యాంకు, బయట డొప్ప ఉంటాయి. ఆ రెండింటి మధ్య పఫ్ అనే గట్టి నురుగు నింపుతారు. వేడి బయటికి పోకుండా ఆపేది అదే. అది పలచగా ఉన్నా, మధ్యలో ఖాళీలు వదిలి నింపినా నీళ్ళ వేడి గోడకూ గాలికీ పోతుంది. థర్మోస్టాట్ మళ్ళీ మళ్ళీ కరెంటు లాగుతుంది. కంటికి కనిపించే లోపం కాదిది. ఎర్ర లైటు వెలుగుతుంది, నీళ్ళు వేడెక్కుతాయి. అందుకే అమ్మేవాడికి ఈ నాసితనం భలే సౌకర్యం. తెల్లటి డొప్ప లోపల ఏముందో విప్పి చూసేదెవరు?

గీజరు మీద అతికించే నక్షత్రాల లేబులు దేన్ని కొలుస్తుందో మనలో చాలామందికి తెలియదు. నీళ్ళు ఎంత తొందరగా వేడెక్కుతాయన్నది దానికి సంబంధం లేదు. కాగిన నీళ్ళు వాడకుండా ఉంచితే, బయటి గాలికీ నీళ్ళకీ 45 డిగ్రీల తేడా ఉన్నప్పుడు, 24 గంటల్లో ఎంత కరెంటు వృథా అవుతుందో అది చెబుతుంది. అంటే నక్షత్రాలు ఆ నురుగు నాణ్యతకు పడే మార్కులన్నమాట. దుకాణంలో సేల్స్ కుర్రాడు రంగు గురించి చెబుతాడు, లీటర్ల గురించి చెబుతాడు, పండగ తగ్గింపు గురించి చెబుతాడు. ఈ ఒక్క సంగతి చెప్పడు.

మా ఇంటి విషయం చెబుతాను. కొత్తగా కొన్న 25 లీటర్ల గీజరు. రాత్రి లైటు ఆరేదాకా కాగనిచ్చి స్విచ్ తీసేస్తే, తెల్లారేసరికి నీళ్ళు గోరువెచ్చగా ఉండేవి. డొప్ప మీద చెయ్యి వేస్తే వేడి తగిలేది. దుకాణానికి వెళ్ళి చెబితే వరసగా నాలుగు జవాబులు వచ్చాయి. "కొత్తలో అంతే మేడమ్, వారం పోతే సర్దుకుంటుంది." "మీ పైపులు దూరం." "మీకు వాడడం అలవాటు లేక అలా అనిపిస్తోంది." నాలుగోది అసలైన జవాబు: "బిల్లు సార్ పేరున ఉంది కదా, సార్‌ని ఒకసారి పంపించండమ్మా."

చూడండి, ఆ నాలుగు జవాబుల్లో గీజరు గురించి ఒక్క మాట కూడా లేదు. మొదటి మూడూ నేను చెప్పేది నమ్మదగ్గది కాదంటున్నాయి. నాలుగోది ఆ మాట చెప్పే హక్కే నాకు లేదంటోంది. పోలీస్ స్టేషన్లో "మీ ఆయన్ని తీసుకురా" అన్నప్పుడు మనం మండిపడతాం. బ్యాంకులో "భర్త సంతకం ఏది?" అంటే నిలదీస్తాం. దుకాణంలో అదే మాట అంటే మాత్రం ఇంటికి వచ్చి ఆయనతో ఫోన్ చేయిస్తాం. ఎందుకు?

తర్వాత కంపెనీ మెకానిక్ వచ్చాడు. కుళాయి తిప్పి, "నీళ్ళు వేడెక్కుతున్నాయి కదమ్మా, ఇంకేం కావాలి?" అని, 'సమస్య లేదు' అని రాసిన కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. నేను పెట్టలేదు. 'వేడి నిలవడం లేదు, డొప్ప వేడెక్కుతోంది, ఉష్ణోగ్రత కొలవలేదు' అని నా చేతితో రాసి, తేదీ వేసి అప్పుడు పెట్టాను. కార్యకర్తలు ఈ చిన్న సంగతి గుర్తుంచుకోవాలి. చదవకుండా పెట్టే ఆ సంతకమే రేపు కమిషన్ ముందు మనకు అడ్డం వస్తుంది.

కొలత మనమే తీసుకోవచ్చు, మెకానిక్ అక్కర్లేదు. వంటింట్లో వాడే థర్మామీటరు చాలు. జ్వరం చూసేది ఈ వేడికి పనికిరాదు. రాత్రి లైటు ఆరాక పైపులోని చల్లనీళ్ళు వదిలేసి, ఒక మగ్గు పట్టి వేడి చూడాలి. స్విచ్ తీసేయాలి. ఎనిమిది గంటల తర్వాత అలాగే మళ్ళీ చూడాలి. 25 లీటర్ల నీళ్ళను 35 డిగ్రీలు పెంచడానికి దాదాపు ఒక యూనిట్ కరెంటు పడుతుంది. ఎన్ని డిగ్రీలు పడిపోయిందో దాన్ని బట్టి ఎంత కరెంటు గాలిలో కలిసిందో లెక్క తేలుతుంది. మా గీజరులో రాత్రి 60 డిగ్రీలున్నది పొద్దునకి 41కి దిగింది. అంటే ఎనిమిది గంటల్లో అర యూనిట్ పైనే పోయింది. లేబులు మీద 24 గంటలకు రాసిన అంకెలో మూడో వంతు తీసుకుని పోల్చితే, మాది దానికి రెట్టింపు దాటింది. స్విచ్ తీయకుండా ఉంచే ఇంట్లో అయితే ఇది నెలకు 50 యూనిట్ల దగ్గరికి చేరుతుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది కాబట్టి, ఈ వృథా యూనిట్లు పై శ్లాబు ధరకే పడతాయి.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు. అది 2020 జూలైలో అమల్లోకి వచ్చింది. డబ్బిచ్చి కొన్న మనిషే కాక, ఆ మనిషి అనుమతితో వస్తువును వాడుకునే మనిషి కూడా వినియోగదారే అని పాత చట్టమూ చెప్పింది, కొత్త చట్టమూ చెబుతోంది. భర్త కొన్న గీజరును భార్య 'అనుమతితో' వాడుతోందన్న మాట వింటే నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది. కానీ మనకు పనికొచ్చే సంగతి అందులోనే ఉంది. బిల్లు ఎవరి పేరున ఉన్నా వాడే స్త్రీ తన పేరు మీద ఫిర్యాదు చేయవచ్చు. "సార్‌ని పంపించండి" అనేవాడికి చట్టంలో చోటు లేదు. మన భాషకే ఇంకా ఈ సంగతి తెలిసినట్టు లేదు. ఇప్పటికీ 'వినియోగదారుడు' అనే రాస్తున్నాం, వాడేది ఆమె అయినా!

లోపం అంటే చట్టం నిర్ణయించిన ప్రమాణానికి తగ్గడమే కాదు, అమ్మేవాడు ఏ రూపంలోనైనా చెప్పుకున్న నాణ్యతకు తగ్గడం కూడా లోపమే. లేబులు మీద అచ్చువేసిన అంకె అలా చెప్పుకున్నదే. సరుకు నాణ్యత గురించి నోటిమాటగా అబద్ధం చెప్పినా అది అనుచిత వ్యాపార పద్ధతే. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. లోపం ఉన్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, అలా రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం కూడా అంతే. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని గోడ మీద బోర్డు పెట్టుకున్నంత మాత్రాన చట్టం ఆగదు.

జిల్లా కమిషన్‌లో 5 లక్షల రూపాయల విలువ దాకా ఫీజు లేదు. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయాలి. అన్నిటికంటే ముఖ్యమైన మార్పు, మనం ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. చంటిబిడ్డను వేసుకుని కంపెనీ ఉన్న ఊరికి తిరగనక్కర్లేదు. 1915 నంబరుకు ఫోన్ చేసి ముందుగా సమస్య నమోదు చేయించుకోవచ్చు.

అలాగని చట్టం గొప్పగా ఉందని చప్పట్లు కొట్టి కూర్చుంటే మోసపోతాం. లోపాన్ని ప్రయోగశాలలో పరీక్షించాల్సి వస్తే, ఆ ఫీజు ముందుగా కట్టమని కమిషన్ ఫిర్యాదు చేసిన మనిషినే అడగవచ్చు. సొంత సంపాదన లేని గృహిణి ఆ డబ్బు ఎక్కడ తెస్తుంది? పరీక్ష అవసరమైన కేసును 5 నెలల్లో, అవసరం లేనిదాన్ని 3 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. వాయిదాలు మాత్రం వాటి దారిన అవి నడుస్తాయి. కమిషన్లలో ఖాళీలు నింపకపోవడాన్ని 2021లో సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకోవలసి వచ్చిందంటే ప్రభుత్వాల శ్రద్ధ ఎంతో అర్థం చేసుకోవచ్చు. జిల్లా ఫోరంలోని ఇద్దరు సభ్యుల్లో ఒకరు స్త్రీ అయి ఉండాలని 1986 చట్టం రాసింది. మంచిదే. కానీ ఫిర్యాదు చేసే స్త్రీ గుమ్మం దాకా రాలేకపోతే లోపల కూర్చున్న స్త్రీ ఏం చేయగలదు?

మా గీజరు కథ ఎలా ముగిసిందో కూడా చెప్పాలి. కొలతలు, లేబులు ఫొటో, మెకానిక్ కాగితం నకలు జతచేసి నా పేరు మీద రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాను. కొద్ది రోజుల్లో గీజరు మార్చారు. కానీ ఉత్తరంలో ఏమని రాశారు? 'కస్టమర్లతో సత్సంబంధాల దృష్ట్యా' మారుస్తున్నారట. లోపం ఉందన్న మాట ఎక్కడా లేదు. హక్కుగా అడిగినదాన్ని దయగా ఇచ్చారు. అలాంటి గీజర్లు ఇంకెన్ని ఇళ్ళకు చేరాయో, అక్కడ ఎందరు ఆడవాళ్ళు కరెంటు బిల్లు కోసం మాటలు పడుతున్నారో ఎవరికీ లెక్క లేదు. అడిగిన ఒక్కరి నోరు మూయించడం వ్యాపారికి చవక బేరం. అందుకే ఇది ఒంటరిగా చేసే పోరాటం కాకూడదు.

"గీజరే లేని ఇళ్ళ సంగతేమిటి?" అని అడిగే మిత్రులకు నా జవాబు ఇది. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని కుట్టుమిషను కొన్న స్త్రీకీ, ఇడ్లీ పిండి రుబ్బి అమ్మడానికి గ్రైండరు కొన్న స్త్రీకీ ఇదే చట్టం వర్తిస్తుంది. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్న వస్తువును చట్టం వ్యాపార కొనుగోలుగా లెక్కించదు. ఆ మిషను మూలపడితే ఆమెకు పోయేది సౌకర్యం కాదు, కూడు. అప్పు వాయిదా మాత్రం ఆగదు. ఆమెను కూడా దుకాణదారు "మీ ఆయన్ని పంపించు" అనే అంటాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడినప్పుడు ఇంటి డబ్బు ఎక్కడికి పోతోందని అడగడం రాజకీయం కాదని ఎవరనగలిగారు? దుకాణం దగ్గర అడిగినప్పుడు మాత్రం అది గోల ఎలా అవుతుంది?

మన సంఘాలు చేయాల్సిన పనులు పెద్ద ఖర్చువి కావు. ప్రతి కౌన్సెలింగ్ కేంద్రంలో కట్నం, హింస కేసుల రిజిస్టరు పక్కన సరుకుల ఫిర్యాదుల రిజిస్టరు ఒకటి పెట్టాలి. ఒకే కంపెనీ మీద నాలుగు ఫిర్యాదులు చేరితే, కమిషన్ అనుమతితో అందరి తరఫునా ఒకే కేసు వేయవచ్చు. నమోదైన వినియోగదారుల సంఘాలకు ఫిర్యాదు చేసే హక్కు ఉంది, వాళ్ళతో కలిసి నడవాలి. తప్పుడు ప్రకటనల మీద, చాలామందికి నష్టం చేసే సరుకు మీద 2020లో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు రాయాలి. ప్రయోగశాల ఫీజును ఫిర్యాదు చేసిన స్త్రీ నెత్తిన వేయకుండా వినియోగదారుల సంక్షేమ నిధి నుంచి భరించాలని ప్రభుత్వాన్ని డిమాండ్ చేయాలి. సంఘ సభ్యులకు శిక్షణ ఇచ్చే రోజున లేబులు చదవడం, నోటీసు రాయడం కూడా నేర్పాలి.

ఇక ఇంట్లో మొదలుపెట్టాల్సిన పని ఒకటుంది. ఈసారి ఏ వస్తువు కొన్నా బిల్లు మీద వాడే మనిషి పేరు రాయించండి. "సార్ పేరు చెప్పండి మేడమ్" అంటే మీ పేరు చెప్పండి.